సముద్రం మీద సత్రంలో ఏడు రోజులు

(మన సంఘం పురానాపూల్ శాఖ వార్షిక సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యదర్శిగారు నన్ను పిలిచి, "మీరు ఓడ ప్రయాణం చేసి వచ్చారట కదా, అక్కడి తిండీతిప్పలూ, ఆటాపాటా గురించి ఒక అరగంట చెప్పండి" అన్నారు. మధ్యాహ్న భోజనాలకు ముందు తిండి గురించి మాట్లాడమనడం వక్తకు పరీక్షే. అయినా ఆయన మాట తీసేయలేక ఒప్పుకున్నాను. నేను ముప్పై నాలుగేళ్లు ఖజానా శాఖలో బిల్లులు పరిశీలించినవాణ్ణి. ఏ విషయం చెప్పినా చివరికి ఖర్చు దగ్గరికే వస్తానని మా ఇంట్లో వాళ్లు అంటారు. ఈ రోజూ అలాగే వస్తాను.

2023 జూలైలో సియాటిల్‌లో ఉండే మా అబ్బాయి నన్నూ మా ఆవిణ్ణీ అలాస్కా వైపు వెళ్లే విహార నౌక ఎక్కించాడు. ఏడు రాత్రులు. జూనో, స్కాగ్వే, కెచికాన్ అనే ఊళ్లు చూపించి, కెనడాలోని విక్టోరియాలో ఒక సాయంత్రం ఆగి, తిరిగి సియాటిల్ చేర్చారు. ఓడ పేరు, కంపెనీ పేరు చెప్పను. పొగిడినా, విమర్శించినా అది ప్రచారమే అవుతుంది. పైగా నేను చెప్పబోయేది ఇంచుమించు అలాంటి ఓడలన్నిటికీ వర్తిస్తుంది.

ముందుగా ఒక సందేహం తీరుస్తాను. మన వాళ్లలో చాలామందికి ఓడ అనగానే సామాన్లు మోసే ఓడ, లేకపోతే టైటానిక్ గుర్తుకొస్తుంది. టైటానిక్ పరిమాణం 46 వేల టన్నుల పైచిలుకు. ఇక్కడ టన్ను అంటే బరువు కాదు, లోపలి చోటుకు కొలత. 2024 జనవరిలో మొదలైన 'ఐకన్ ఆఫ్ ది సీస్' అనే ఓడ రెండున్నర లక్షల టన్నులకు కొంచెం తక్కువ. ఇరవై అంతస్తులు. నిండుగా ఎక్కితే 7,600 మంది ప్రయాణికులు పడతారు. మేము ఎక్కినది అందులో సగం కూడా ఉండదు, అయినా మొదటి రోజు మా గదికి దారి మూడుసార్లు అడగవలసి వచ్చింది.

ఈ ప్రయాణం ఎలా ఉంటుందని అడిగితే నేను చెప్పే పోలిక ఒకటే. మన చిన్నప్పటి నుంచి కాశీ, రామేశ్వరం యాత్రా బస్సులు చూస్తున్నాం. బస్సు వెనక వంటపాత్రలు, బియ్యం బస్తాలు, ఇద్దరు వంటవాళ్లు. ఎక్కడ ఆగితే అక్కడ పొయ్యి వెలుగుతుంది. విహార నౌక అదే పద్ధతి, నీళ్ల మీద. తేడా ఏమిటంటే, యాత్రా బస్సులో ఊరూరా పెట్టెలు దించి, సత్రం వెతుక్కుని, మళ్లీ కట్టుకోవాలి. నౌకలో సత్రమే మనతో వస్తుంది. ఒక్కసారి పెట్టె విప్పి బట్టలు అలమరలో పెట్టుకుంటే చాలు. రాత్రి పడుకుంటే తెల్లవారేసరికి కిటికీ బయట కొత్త ఊరు. మోకాళ్ల నొప్పులున్న వాళ్లకు ఇంతకంటే సుఖమైన ప్రయాణం మరొకటి లేదని నా అభిప్రాయం. ప్రయాణికుల సేవ మన ప్రాంతానికేమీ కొత్త కాదు. 1578లో ఇబ్రహీం కుతుబ్ షా ఈ పురానాపూల్ కట్టించిన నాటి నుంచి గోల్కొండ వైపు వచ్చీపోయే వర్తకులు ఈ వంతెన దాటినవాళ్లే. అవతలి గట్టుకు కార్వాన్ అన్న పేరే ఆ బిడారుల వల్ల వచ్చింది. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ ఈ వంతెన చూసి, పారిస్‌లోని పాంట్ నఫ్ వంతెనకు అందంలో పెద్దగా తీసిపోదని రాసుకున్నాడు. ఇప్పుడు దాని మీద కూరగాయలు అమ్ముతున్నారు, అది వేరే సంగతి.

ఇక తిండి. మీరంతా వినాలనుకునేది అదేనని నాకు తెలుసు.

ఓడలో రెండు రకాల భోజనశాలలు. ఒకటి, మనమే వెళ్లి పళ్లెంలో వడ్డించుకునే పెద్ద హాలు. ఉదయం నుంచి రాత్రి దాకా ఏదో ఒకటి ఉంటుంది. రెండవది, కూర్చుంటే తెచ్చిపెట్టే భోజనశాల. దానికి సాయంత్రం వేళ ఉంటుంది, బల్ల నంబరు ఉంటుంది, ఒకటి రెండు రాత్రులు కాస్త మంచి బట్టలు వేసుకు రమ్మంటారు. నేను పదవీ విరమణ సన్మానం నాటి కోటు పట్టుకెళ్లాను. దానికి రెండోసారి పని దొరికింది. మా ఆవిడ గద్వాల చీర కట్టుకుంటే పక్క బల్ల వాళ్లు లేచి వచ్చి మరీ అంచు చూసి వెళ్లారు. ఈ రెండు చోట్లా తిండి టిక్కెట్టులోనే కలిసి ఉంటుంది. ఇవి కాక వేరే రుసుము కట్టి తినే హోటళ్లు ఓడలోనే నాలుగైదు ఉంటాయి. వాటి బోర్డులు అందంగా ఉంటాయి. మనకు వాటితో పని లేదు.

వడ్డించుకునే హాలులో ఒక మూల మన దేశపు వంటకాలు పెట్టారు. అన్నం, పప్పు, కోడికూర, నాన్ రొట్టె. పప్పు పలచగా, ఉప్పూకారం తెలియకుండా ఉండేది. మొదటి రోజు మా ఆవిడ ఆ పప్పు రుచి చూసి ఏమీ అనలేదు. ఏమీ అనకపోతే దాని అర్థం ఏమిటో ఈ సభలో ఉన్న భర్తలందరికీ తెలుసు. కాని రెండో రోజు కూర్చుని తినే భోజనశాలలో పెద్ద వెయిటరు గోవా ఆయన తగిలాడు. "అమ్మగారు శాకాహారమా? ముందు రోజు సాయంత్రమే చెప్పండి, వంటశాలలో మన వాళ్లున్నారు, చేయిస్తాను" అన్నాడు. ఆ తరవాత ప్రతి రాత్రీ రెండు కూరలు, పప్పు, గట్టి పెరుగు ప్రత్యేకంగా మా బల్లకు వచ్చాయి. దీనికి అదనంగా ఒక్క పైసా తీసుకోలేదు. కనుక మొదటి రోజే నోరు తెరిచి అడగండి. అడగడానికి మొహమాటపడి వారం రోజులు రొట్టె, అరటిపండ్లతో గడిపి, ఇంటికొచ్చి ఓడను తిట్టిన వాళ్లను నేను ఎరుగుదును.

శాకాహారులకు ఇంకో మాట. అక్కడి వాళ్లకు శాకాహారం అంటే ముక్క కనబడకపోవడం. సూపులో మాంసం ఉడికించిన నీళ్లు ఉండవచ్చు. వణికే మిఠాయిల్లో జెలటిన్ ఉండవచ్చు, అది జంతువుల ఎముకల నుంచి, తోలు నుంచి తీస్తారు. కేకుల్లో గుడ్డు సరేసరి. పట్టింపు ఉన్నవాళ్లు విప్పి అడగాలి. చెప్పడానికి వాళ్లేమీ విసుక్కోరు. ఎవరికి ఏ పదార్థం పడదో రాసిపెట్టుకోవడం వాళ్ల ఉద్యోగంలో భాగం.

ఆవకాయ తీసుకెళ్లవచ్చా అని నన్ను అడిగిన వాళ్లు కనీసం పదిమంది. ఇంట్లో చేసినవాటిని చాలా ఓడల్లో లోపలికి రానివ్వరు. కంపెనీ సీలు ఉన్న చిన్న పొట్లాలకు సాధారణంగా అభ్యంతరం ఉండదు. మా ఆవిడ గోంగూర పొట్లాలు పట్టుకొచ్చింది. ఉప్మా, ఇడ్లీల కోసం మాత్రం ఎదురుచూడకండి. చాయ్ సంగతి అసలు ఎత్తకండి. వేడినీళ్లలో దారానికి కట్టిన పొట్లం ముంచి ఇస్తారు. ఇరానీ చాయ్ తాగి పెరిగిన నాలుకకు అది కషాయంలా కూడా ఉండదు.

తిండిలో నాకు నచ్చనిది రుచి కాదు, పారేయడం. డబ్బు ముందే కట్టాం కదా అని పళ్లెం గోపురంలా నింపుకుని, సగం కెలికి వదిలేసి, లేచి ఇంకో పళ్లెం తెచ్చుకునే వాళ్లను ప్రతి పూటా చూశాను. అందులో అమెరికా వాళ్లూ ఉన్నారు, మన వాళ్లూ ఉన్నారు. ఆ మిగిలినదంతా ఎక్కడికి పోతుందని ఆరా తీశాను. నూరిన తిండి వ్యర్థాన్ని తీరానికి 3 నాటికల్ మైళ్లు దాటాక, నూరనిదైతే 12 మైళ్లు దాటాక సముద్రంలో వదలవచ్చని అంతర్జాతీయ నిబంధన ఉంది. కొన్ని సముద్ర ప్రాంతాల్లో ఇంకా గట్టి షరతులున్నాయి. నిబంధన ప్రకారం సరే. ఒక్క మెతుకు కింద పడితే ఏరి తినమన్న తల్లుల చేతుల్లో పెరిగిన వాళ్లం మనం. ఆ నిబంధన నాకు ఊరట కలిగించలేదు.

మా ఆవిడ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఆమె ముందు వరసలోనే ఉంది, అనుమతి తీసుకునే చెబుతున్నాను. పెళ్లయిన నాటి నుంచి, పురుళ్లకూ జ్వరాలకూ తప్ప, ఆమె పొయ్యి వెలిగించని రోజు లేదు. నేను అరవై ఏళ్లకు లోపే రిటైరయ్యాను. ఆమెకు ఆ ఉత్తర్వు ఎవరూ ఇవ్వలేదు. ఓడలో మొదటి రెండు రోజులు ఆమెకు తోచలేదు. గది సర్దే కుర్రవాడు వచ్చేలోగా తానే దుప్పట్లు మడిచి పెట్టేది. అతను వచ్చి, తన పని తగ్గినందుకు సంతోషించాలో, తన పనికి వంక పెట్టారనుకోవాలో తెలియక నిలబడేవాడు. మూడో రోజు వంటశాల చూపిస్తామంటే వెళ్లాం. మనుషులు దిగి తోమేంత పాత్రలు, ఒక్క చోట కూడా మంట లేదు, అంతా కరెంటు పొయ్యిలే. ఓడలో అగ్నిభయం ఎక్కువ కనుక అలా ఏర్పాటు. ఆమె అన్నీ చూసి, "ఇంతమందికి ఇన్ని రకాలు చేసి పంపుతున్నారు, ఎవరూ వచ్చి బాగుందని చెప్పరు కదా" అంది. నేను జవాబు చెప్పలేదు.

నాలుగో రోజు నుంచి మార్పు వచ్చింది. ఉదయం కాఫీ తాగి, పై అంతస్తులో కుర్చీలో కూర్చుని పది గంటల దాకా నీళ్లు చూస్తూ ఉండిపోయేది. "ఏం ఆలోచిస్తున్నావు?" అంటే "ఏమీ లేదు" అంది. నిజంగానే ఏమీ లేదట. ఈ పూటకు కూర ఏమిటి అన్న ప్రశ్న తలలో లేకపోతే ఎలా ఉంటుందో తనకు ఇప్పుడు తెలిసిందని చెప్పింది. ఖర్చు లెక్కలు చూసే నా వంటివాడికి ఆ మాట ఏ పద్దులో వేసుకోవాలో తెలియలేదు. ఓడ ఎక్కించమని మీ పిల్లలను అడగడానికి మీకు మొహమాటంగా ఉంటే, మీ ఇంటి ఆడవాళ్ల పేరు చెప్పి అడగండి.

వినోదం విషయంలో నా అభిప్రాయాలు కొంచెం మిశ్రమం. రోజూ సాయంత్రం మర్నాటి కార్యక్రమాల కాగితం గదికి వస్తుంది. ఉదయం వ్యాయామం మొదలుకొని అర్ధరాత్రి నాట్యం వరకు గంట గంటకూ ఏదో ఒకటి. పెద్ద థియేటరులో పాటలూ నాట్యాలూ చూశాం. దీపాలు, దుస్తులు, తెరలు చకచకా మారడం చూస్తే నాకు సురభి వాళ్ల నాటకాలు గుర్తొచ్చాయి. అంత పెద్ద యంత్రాంగం లేకుండానే మన వాళ్లు తెర మార్చే లోపల ఇంద్రసభను అడవిగా మార్చేవాళ్లు. హాస్యగాడి కార్యక్రమంలో మాత్రం అందరూ నవ్వాక మా అబ్బాయి అర్థం చెబితే మేము నవ్వాం. అప్పటికి వాడు తరవాతి హాస్యంలో ఉండేవాడు. బింగో అని ఒక ఆట ఆడిస్తారు, మన తంబోలాయే. టిక్కెట్టు ధర విని మేము చూస్తూ కూర్చున్నాం. జూదశాల ఓడ తీరం నుంచి బాగా దూరం వెళ్లాక తెరుస్తారు. అటు వెళ్లకండని మీకు చెప్పనక్కర లేదు, పెన్షన్ తెచ్చుకునే వాడికి జూదం మీద ఆశ తక్కువ.

నాకు అన్నిటికంటే నచ్చినది డబ్బు అవసరం లేనిది. ప్రకృతి శాస్త్రం చదివిన ఒకావిడ రోజూ తిమింగలాల గురించి, మంచునదుల గురించి ఉపన్యాసం ఇచ్చేది. ఆ హాలులో పట్టుమని నలభై మంది ఉండేవారు కాదు, అంతా మన వయసు వాళ్లే. ఆవిడ చెప్పిన మంచునదిని మర్నాడు కళ్లారా చూస్తాం. జూనో దగ్గర మెండెన్‌హాల్ మంచునది ఏళ్ల తరబడి వెనక్కి తగ్గుతూ వస్తోంది. ఒకప్పుడు మంచు ఉన్న చోట ఇప్పుడు సరస్సు ఉంది. వేసవిలో అక్కడ రాత్రి పది గంటల దాకా పొద్దు గుంకదు. సాయంసంధ్య ఎప్పుడు వార్చాలో తెలియక తికమకపడిన ఒక పెద్దాయన, చివరికి హైదరాబాదు గడియారం ప్రకారం కానిచ్చేశాడు. శాస్త్రం ఒప్పుకుంటుందో లేదో పండితులు చెప్పాలి.

నిత్యజీవితంలో చిన్న చిన్న ఇబ్బందులున్నాయి, అవి బ్రోచర్లలో ఉండవు. గది చిన్నది. స్నానాలగది ఇంకా చిన్నది, దాని గడప ఎత్తుగా ఉంటుంది. రాత్రి లేచేటప్పుడు అది తట్టుకుని పడే ప్రమాదం ఉంది కనుక చిన్న దీపం ఒకటి వెంట ఉంచుకోండి. నీళ్ల చెంబు ఉండదు, ఒక ప్లాస్టిక్ మగ్గు పెట్టెలో వేసుకోండి. నవ్వకండి, ఓడలో కలిసిన తెలుగువాళ్లందరి పెట్టెల్లోనూ అది ఉంది. కడుపులో తిప్పడం భయం ఉన్నవాళ్లు కింది అంతస్తులో, ఓడ మధ్యభాగంలో గది అడగాలి. అక్కడ ఊగడం తక్కువ. చివర్లలో, పై అంతస్తుల్లో ఎక్కువ. కిటికీ లేని లోపలి గది చవక. పగలంతా బయటే ఉంటాం కనుక అది చాలని మా అబ్బాయి అన్నాడు. నిద్రలేచాక పగలో రాత్రో తెలియని గదిలో ముసలివాళ్లను పెట్టవద్దని నేను అంటాను. అక్కడ పొదుపు చేయకండి.

ఇప్పుడు చెప్పబోయేది ఈ ఉపన్యాసంలో నాకు ముఖ్యమైన భాగం. రెండో రోజు ఉదయం వడ్డించుకునే హాలులో మా ఆవిడతో తెలుగులో మాట్లాడుతుంటే, ఎంగిలి పళ్లేలు తీసే కుర్రవాడు ఆగిపోయాడు. "నమస్తె సార్, మీరు హైదరాబాదోళ్లా?" అన్నాడు. పురానాపూల్ అన్నాను. అతని చేతిలో పళ్లేలు కదిలాయి. "మాది జియాగూడ సార్" అన్నాడు. మన వంతెనకు అవతలి గట్టు! పాతికేళ్లు ఉంటాయేమో. ప్రయాణికులతో ఎక్కువసేపు ముచ్చట్లు పెట్టుకోవడం వాళ్లకు వీలుపడదు కనుక, ఆ వారమంతా రెండేసి నిమిషాల చొప్పున అతని కథ విన్నాం.

ఎనిమిది నెలల ఒప్పందం. ఆ ఎనిమిది నెలల్లో పూర్తి సెలవు దినం ఒక్కటీ లేదు. రోజుకు పది పదకొండు గంటల పని, మధ్యలో విరామాలు. నీటి మట్టానికి దగ్గరగా ఉండే కింది అంతస్తులో ఇద్దరికో గది. అక్క పెళ్లికి రాలేకపోయాడు. "ఫోన్ల చూసిన సార్, నెట్ మధ్యల కట్టయింది" అన్నాడు. జీతం ఇక్కడి హోటలు ఉద్యోగం కంటే మెరుగే, తినడానికీ ఉండడానికీ ఖర్చు లేదు కనుక దాదాపు అంతా ఇంటికి పంపుతాడు. అతనికి పని మీద ఫిర్యాదు లేదు. బాధంతా ఉద్యోగం ఇప్పించిన దళారికి కట్టిన అప్పు గురించే. మొదటి ఒప్పందం జీతంలో సగం ఆ అప్పుకే పోయింది.

మిత్రులారా, మన మనవళ్లు, మనవరాళ్లు హోటల్ మేనేజ్‌మెంటు చదువుతున్నారు. ఓడల్లో ఉద్యోగమని చెప్పి లక్షలు అడిగే వాళ్లు మన వీధుల్లోకి కూడా వస్తున్నారు. కనుక ఇది జాగ్రత్తగా వినండి. సముద్ర కార్మికుల హక్కుల గురించి 2006లో అంతర్జాతీయ ఒడంబడిక ఒకటి జరిగింది. 2013 నుంచి అది అమల్లోకి వచ్చింది, 2015లో మన దేశం కూడా ఆమోదించింది. దాని ప్రకారం ఉద్యోగం ఇప్పించినందుకు కార్మికుడి దగ్గర రుసుము వసూలు చేయకూడదు. వైద్య పరీక్ష, పాస్‌పోర్టు, నావికుల గుర్తింపు పుస్తకం వంటి వాటి ఖర్చు మాత్రం అతను భరించవలసి ఉంటుంది. ఓడలకు మనుషులను పంపే ఏజెన్సీకి కేంద్ర ప్రభుత్వపు నౌకాయాన డైరెక్టరేట్ జనరల్ ఇచ్చిన లైసెన్సు ఉండాలి. ఆర్.పి.ఎస్.ఎల్. నంబరు అంటారు. ఆ నంబరు అడగండి, డైరెక్టరేటు జాబితాలో ఉందో లేదో మీరే సరిచూసుకోండి. నంబరు చెప్పడానికి నసిగేవాడికి అడ్వాన్సు ఇవ్వకండి. సంతకం లేని బిల్లు పాస్ చేయకపోవడం మన వృత్తిధర్మం. ఇంట్లో కూడా అదే పాటిద్దాం.

తిరిగి వచ్చాక మేమిద్దరం జియాగూడ వెళ్లి ఆ కుర్రవాడి తల్లిని చూసి వచ్చాం. వాడు సన్నబడ్డాడా, వేళకు తింటున్నాడా అని అడిగింది. తింటున్నాడనే చెప్పాం. అది నిజమే, నిలబడి తింటాడు.

ఈ సందర్భంలో సముద్రయానం తెలుగువాడికి ఎప్పుడూ విహారం కాదని కూడా గుర్తు చేయాలి. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి డర్బన్ చేరిన 'ట్రూరో' ఓడలో 342 మంది చెరకు తోటల కూలీలు దిగారు. అందులో తెలుగువాళ్లు ఉన్నారు. కాకినాడ, విశాఖ, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల నుంచి వేలాది మంది రంగూన్ వెళ్లేవారు, బర్మాలో వాళ్లను కోరంగీలు అనేవారు, మన కోరంగి రేవు పేరు మీదుగా. 1926 నుంచి 1973 దాకా మద్రాసు, నాగపట్నం నుంచి మలయా, సింగపూర్లకు తిరిగిన 'రాజులా' అనే ఓడకు మొదట్లో అయిదు వేలకు పైగా డెక్కు ప్రయాణికులను ఎక్కించుకునే అనుమతి ఉండేది. అంటే గది లేదు, మంచం లేదు, డెక్కు మీద చాప పరచుకుని పడుకోవడమే. ఆ ఓడల్లో వెళ్లిన వాళ్ల మనవలు ఈనాడు ఏసీ గదిలో పడుకుని సముద్రం చూస్తున్నారు. డెక్కు కింద పళ్లేలు కడుగుతున్న వాళ్లూ వాళ్ల మనవలే.

ఆరోగ్యం, భద్రత గురించి క్లుప్తంగా చెబుతాను. ఓడలో వైద్యుడు ఉంటాడు, కాని ఖరీదైన వైద్యుడు. మన హెల్త్ కార్డు సముద్రం మీద చెల్లదు. ప్రయాణ బీమా లేకుండా కాలు పెట్టకండి. అందులో పాత జబ్బులకు రక్షణ ఉందో లేదో, హెలికాప్టరులో ఒడ్డుకు చేర్చే ఖర్చు కలిసి ఉందో లేదో చదవండి. ప్రయాణం కంటే రెండు వారాలు ఎక్కువకు సరిపడే మందులు చేతిసంచిలో ఉంచుకోండి. 2020 ఫిబ్రవరిలో యోకొహామా దగ్గర ఆపివేసిన 'డైమండ్ ప్రిన్సెస్' ఓడ మీకు గుర్తుండే ఉంటుంది. 3,711 మందిలో 712 మందికి కరోనా సోకింది. ఓడలో మొత్తం 138 మంది భారతీయులు ఉన్నారు, 132 మంది సిబ్బందే, ప్రయాణికులు ఆరుగురే. వాంతులు, విరేచనాల వ్యాధి ఓడల్లో త్వరగా పాకుతుంది, అందుకే భోజనశాల గుమ్మంలో చేతులు కడుక్కోమని పాటలు పాడి మరీ అడుగుతారు. అమెరికా రేవులకు వచ్చే ఓడలను అక్కడి ఆరోగ్యశాఖ వాళ్లు చెప్పకుండా వచ్చి తనిఖీ చేసి నూటికి ఇన్ని అని మార్కులు వేస్తారు. 86 రాకపోతే తప్పినట్టే. ఆ మార్కులు అందరూ చూసేలా ప్రకటిస్తారు. ఇంత మంచి ఆడిట్ మన హోటళ్లకు ఎప్పుడు వస్తుందో!

ఓడ ఎక్కిన రోజే ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో అభ్యాసం చేయిస్తారు. దాన్ని ఎగ్గొట్టకండి. 2012 జనవరి 13న ఇటలీలో 'కోస్టా కాంకోర్డియా' రాతికి తగిలి 32 మంది చనిపోయారు. ఆ రోజే ఎక్కిన వందల మందికి ఇంకా అభ్యాసం జరగలేదు. ఆ తరవాతే, ఓడ బయలుదేరకముందు లేదా బయలుదేరిన వెంటనే అభ్యాసం జరగాలని నియమం మార్చారు. మన గోదావరి మీద పాపికొండల బోట్లలోనూ భోజనాలు, పాటలు, నాట్యాలు ఉంటాయి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర మునిగిన బోటులో బతికి బయటపడినది 26 మంది. మన సంఘం తరఫున పాపికొండలు వెళ్లినప్పుడల్లా, ఉక్కగా ఉందని లైఫ్ జాకెట్ విప్పే వాళ్లను నేను తిడతాను. ఇక ముందూ తిడతాను.

ఖర్చు దగ్గరికి వచ్చాను. ఓడలో చేతికి డబ్బు అంటదు. గది తాళం కార్డే అన్నిటికీ. మన వీధి కిరాణా కొట్లో ఖాతా పుస్తకం లాంటిది, తేడా ఏమిటంటే పుస్తకం షావుకారు దగ్గరే ఉంటుంది. శీతల పానీయం, ఇస్త్రీ, ఇంటర్నెట్, ఫోటో, అన్నీ ఖాతాలో పడిపోతాయి. సిబ్బందికి బక్షీసు అని మనిషికి రోజుకు పదహారు నుంచి ఇరవై డాలర్ల దాకా తనంతట తానే చేరుతుంది. ఇద్దరికి ఏడు రోజులకు ఎంతవుతుందో వేసుకోండి. ఇది తీసివేయించుకునే వీలు కొన్ని ఓడల్లో ఉంది. మన వాళ్లు కొందరు ఆ కిటుకు ఒకరికొకరు చెప్పుకుంటారు. జియాగూడ కుర్రవాణ్ణి చూశాక ఆ కిటుకు నేను ఎవరికీ చెప్పను. రోజూ సాయంత్రం ఖాతా చూసుకోండి. చివరి రాత్రి బిల్లు వచ్చాక గుండె పట్టుకుంటే లాభం లేదు. మాకు అందులో ఒక పొరపాటు పద్దు కనబడింది. కౌంటరులో చెబితే రెండు నిమిషాల్లో తీసేశారు.

అమెరికా దాకా వెళ్లలేని వాళ్లకు దగ్గరి దారి కూడా ఉంది. 2022 జూన్‌లో కార్డీలియా వాళ్ల 'ఎంప్రెస్' అనే ఓడ విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నైలకు నడిచింది. 2025లో మళ్లీ విశాఖ వచ్చింది. 1990లో ఫ్రాన్స్‌లో కట్టిన ఓడ అది, 48 వేల టన్నులు, అంటే టైటానిక్ కంటే కొంచెం పెద్దది. శాకాహారం, జైన భోజనం రెండూ ఉన్నాయి. దేశం లోపలి రేవులకే వెళ్లే ప్రయాణానికి పాస్‌పోర్టు అవసరం లేదు, గుర్తింపు కార్డు చాలు. 2023 సెప్టెంబరులో విశాఖలో సుమారు 96 కోట్ల ఖర్చుతో విహార నౌకల కోసమే ప్రత్యేక టెర్మినల్ ప్రారంభించారు. 2024 ఏప్రిల్‌లో అక్కడికి 'ది వరల్డ్' అనే ఓడ వచ్చింది. అందులో 165 నివాసాలు ఉన్నాయి, వాటిని కొనుక్కున్న వాళ్లు ఓడలోనే కాపురం ఉంటూ ప్రపంచం తిరుగుతారు. అలాంటి పెన్షన్ ఏ పే కమిషనూ మనకు ఇవ్వదు. అండమాన్ వెళ్లే ప్రభుత్వ ఓడలు వేరు. అవి ప్రయాణ సాధనాలు, వాటిలో విందూ వినోదం ఆశించకూడదు. కాని మూడు రోజులు సముద్రం చూడాలన్న కోరిక మాత్రం తక్కువలో తీరుతుంది.

అలాస్కా వెళ్లదలచిన వాళ్లకు చివరగా రెండు మాటలు. సియాటిల్ నుంచి బయలుదేరే ఓడలు కెనడాలో ఒక చోట తప్పక ఆగుతాయి. విదేశీ ఓడ అమెరికా రేవుల మధ్యే ప్రయాణికులను తిప్పకూడదని 1886 నాటి చట్టం ఉంది కనుక ఈ ఏర్పాటు. అందువల్ల మన పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు అమెరికా వీసాతో పాటు కెనడా వీసా కూడా కావాలి, ఓడ దిగకపోయినా సరే. అమెరికా వీసా పలుమార్లు ప్రవేశించడానికి వీలైనదై ఉండాలి. ఇవి చూసుకోకుండా రేవు దాకా వెళ్లి తిరిగి వచ్చిన దంపతులను సియాటిల్‌లోనే చూశాం.

ఇంకొకటి, లైఫ్ సర్టిఫికెట్ గడువు. శీతాకాలంలో బయలుదేరే వాళ్లు ఇక్కడ ఉండగానే ఆ పని ముగించుకోండి. 2014 నుంచి జీవన్ ప్రమాణ్ పద్ధతి ఉంది, ఇప్పుడు ఫోనులో ముఖం చూపించి కూడా ఇవ్వవచ్చు. కాని ఓడలో ఇంటర్నెట్ నిమిషాల లెక్కన, రోజుల లెక్కన డాలర్లలో అమ్ముతారు. మన సంఘ కార్యాలయంలో ఆ సదుపాయం ఉచితం, ఉదయం పదకొండు గంటల నుంచి ఒంటిగంట వరకు.